ఉత్త బిందె గడప దాటదు

మొన్న పక్క పోర్షన్ పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఆంటీ, ఇంటి సామాను తక్కువ ఖర్చుతో దూరం పంపాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది. వాళ్లాయనకు హైదరాబాద్‌కు బదిలీ అయిందట. ముంబై పక్కన ఈ కళ్యాణ్‌లో, మా గల్లీలో తెలుగు కుటుంబాలు పది పన్నెండు ఉంటాయి. ఎవరు ఇల్లు మారినా ముందు నన్నే అడుగుతారు. ఒకసారి కాలు విరగ్గొట్టుకున్నవాడు ఊరందరికీ ఎముకల వైద్యం చెప్పినట్టు, ఈ విషయంలో నేను పెద్ద అనుభవశాలినని పేరొచ్చింది. పేరొచ్చాక ఊరుకుంటామా? కూర్చోబెట్టి టీ పోసి అంతా చెప్పాను. సామాను మోసే కంపెనీవాళ్లకు ఫోన్ చెయ్యకు, వాళ్లు చెప్పే రేటుకు అక్కడ కొత్త సంసారమే కొనుక్కోవచ్చు. గిన్నెలూ బట్టలూ అయితే రైలు పార్శిల్ మేలు, గోనెసంచుల్లో కుట్టి పేరు రాసి అప్పగించాలి. డబ్బాలు రెండో మూడో అయితే బస్సు కార్గోలో వెయ్యి. అన్నిటికంటే చవక రిటర్న్ లారీ. సరుకు దింపి తన ఊరికి తిరిగిపోయే లారీలో ఓ మూల జాగా దొరికితే చాలు, నీ అదృష్టం పండినట్టే. ఇంత చెప్పి చివర్లో, "ఎక్కించే ముందు మాత్రం ప్రతి గిన్నె మూత తీసి లోపలికి చూడు" అన్నాను. "ఎందుకాంటీ, పిల్లులు దూరతాయా?" అని ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లిపోయాక వంటింట్లోకి పోయి మా పెద్ద ఇత్తడి బిందె మూత తీసి చూశాను. ఏమీ లేదు. తంబాకు వాసన మాత్రం ఇంకా పోలేదు.

బిందె మాది. ఆ వాసన కామారెడ్డి దగ్గర ఎల్లారెడ్డి ఊళ్లోని అవ్వది. అవ్వంటే మా నాయనమ్మా కాదు, అమ్మమ్మా కాదు. మేం తొమ్మిదేళ్లు కిరాయికున్న ఇంటి యజమానురాలు. ఆ మాట వింటే ముందు ఆమే నవ్వుతుంది. ఉన్నది ఎకరంన్నర వరి పొలం, ఇద్దరు కొడుకులు, నాలుగు గదుల పెంకుటిల్లు. పొద్దున చీపురు కింద పెట్టగానే చాట ఒళ్లోకి తీసుకుని వసారాలో కూర్చుని బీడీలు చుట్టేది. మనతో మాట్లాడుతున్నా, కోళ్లను తిడుతున్నా, దారిన పోయేవాళ్లను పలకరిస్తున్నా వేళ్లు మాత్రం ఆగేవి కావు. చిన్నకొడుకు చంకలో ఉండగానే ఆమె పెనిమిటి పోయాడు. అప్పటి నుంచి ఎవరింట్లో ఏ శుభకార్యమైనా తనంతట తానే పక్కకు తప్పుకునేది. మా అమ్మాయిని ఉయ్యాల తొట్టెల్లో వేసిన రోజు పొద్దుటి నుంచీ అవ్వే వండింది, అవ్వే వడ్డించింది. తీరా పిల్లను తొట్టెల్లో వేసే వేళకు చాట పట్టుకుని వెనక తలుపు దగ్గరికి పోయి కూర్చుంది. చెయ్యి పట్టుకుని లాగితే, "ముందుగాల ముత్తయిదువులను పిలువు బిడ్డా, నేను మెల్లగొస్త" అంది. ఆ మెల్లగ రావడం ఎప్పుడూ జరగలేదు. నాకు ఒళ్లు మండేది. ఆచారం మీద కొంత, దాన్ని అంత బుద్ధిగా పాటించే ఆమె మీద కొంత. మండింది గాని నేను చేసిందేమీ లేదు, అందరితో పాటు కూర్చుని పాటలు పాడాను.

మా ఆయనకు ఎల్లారెడ్డిలో మోటర్ వైండింగ్ షాపు ఉండేది. ఎండాకాలం వస్తే కాలిపోయిన బోరు మోటర్లు షాపు ముందు వరసగా పడుండేవి. తర్వాత అదే బజారులో ఇంకో రెండు పెద్ద షాపులొచ్చాయి, మాది పలచబడింది. ఆ సమయంలోనే ఎవరో స్నేహితుడు కళ్యాణ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం ఉందని పిలిచాడు. "ఆరు నెలలు చూస్తామవ్వా. కుదిరితే వచ్చి సామాను తీసుకపోతం, కుదరకపోతే మేమే తిరిగొస్తం" అని చెప్పి, సామానంతా వెనక గదిలో సర్దాం. ఇనుప బీరువా, టేకు మంచం, కుట్టుమిషను, గంగాళం, బిందెలు, స్టీలు డ్రమ్ము, రోలు. గదికి కిరాయి ఎంతివ్వమంటావని అడిగితే అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "సామాను తినదు, తాగదు, లైటు వెయ్యమనదు. దానికి కిరాయేంది?" అంది.

ఆ ఆరు నెలలు ఏడేళ్లయ్యాయి. కళ్యాణ్‌లో కుదిరిందా అంటే కుదిరింది, లేదా అంటే లేదు. ఇవాళ పోదాం రేపు పోదామని ఏడేళ్లూ సత్రంలో ఉన్నట్టే ఉన్నాం. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, అట్టపెట్టెల్లో బట్టలు. బీరువా కొందామని మా ఆయన అంటే, "మనకున్నది కదా, రెండు బీరువాలు ఎక్కడ పెడతం?" అనేదాన్ని. ఇక్కడ వండుకునేది ఉత్త వంట, అసలు కాపురం ఎల్లారెడ్డిలో తాళం వేసి ఉందని నా లోపల ఓ నమ్మకం. ఆ సామాను వచ్చిన రోజే ఇది ఇల్లవుతుందని అనుకునేదాన్ని. అవ్వ కూడా ఫోన్లో నా సామాను క్షేమసమాచారాలు పొరుగింట్లో వదిలిన పిల్లల సంగతి చెప్పినట్టు చెప్పేది. "నీ మిషను మంచిగున్నది బిడ్డా, మొన్ననే నూనె పోసిన. బీరువ మీద బల్లి గుడ్లు పెట్టింది, ఊడ్చిన." ఇటు నుంచి నేను సంతోషించేదాన్ని.

ఓ రోజు అవ్వ పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ నీకు చెప్పద్దన్నది. గని నేనే చెప్తున్న. చిన్నోని పెండ్లి కుదిరింది. పది రోజులే ఉన్నయి. వాండ్లకు ఆ వెనకర్రనే, మీ సామానున్న గదే ఇయ్యాలె. సున్నం గూడ ఎయ్యాలె." మాటకు మాటకు మధ్య దగ్గుతూ, తప్పు చేసినవాడిలా చెప్పాడు. నిజానికి తప్పు చేసింది మేము. ఏడేళ్లు ఒకరి గది ఊరికే వాడుకుని, వాళ్లింట్లో పెళ్లి కుదిరితే వాళ్లచేత మొహమాటంగా అడిగించుకున్నాం. "వస్తున్న తమ్మీ, మూడు రోజుల్ల ఖాళీ చేస్త" అని మాటిచ్చేశాను.

మా ఆయనకు సెలవు దొరకలేదు. "అక్కడే అమ్మేసి రా" అన్నాడు. నేను ఆ పూట అన్నం తినలేదు, ఆయన మళ్లీ ఆ మాట అనలేదు. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పిన అంకె విని ఇంకోసారి చెప్పమన్నాను, ఇంకోసారీ అదే చెప్పారు. రైలు పార్శిల్‌లో గిన్నెలు పోతాయి గాని, కామారెడ్డిలో బండి ఆగే కాస్త సేపట్లో బీరువా, మంచం ఎక్కించే ధైర్యం నాకు లేదు. చివరికి నేనొక్కదాన్నే బయల్దేరి వెళ్లి, కామారెడ్డి మార్కెట్‌లో తెలిసిన ముసలి హమాలీని పట్టుకుని రెండు రోజులు లారీల వెంట తిరిగాను. కళ్యాణ్ నుంచి బకెట్లు, కుర్చీలు తెచ్చి దింపిన లారీ ఒకటి, మక్కజొన్న గింజల లోడుతో తిరిగిపోతోంది. డ్రైవర్ కళ్యాణ్ వాడే. బస్తాల పైన చూపించి, "జాగా హై, వజన్ నక్కో" అన్నాడు. జాగా ఎంతైనా ఉంది, బరువే వద్దు. మూడు క్వింటాళ్లకు మించితే ఒక్క చెంచా కూడా ఎక్కించుకోనని, దారిలో తూకం వేస్తారని ఖచ్చితంగా చెప్పాడు. నేను నోటుబుక్కులో ఒక్కొక్కదాని బరువూ అంచనాగా రాసి లెక్క కట్టాను. మూడు క్వింటాళ్లకు పదిహేను కిలోలు తక్కువే. నా లెక్క చూసుకుని నేనే మురిసిపోయాను.

సాయంత్రం ఎల్లారెడ్డి చేరేసరికి సామానంతా కట్టేసి ఉంది. అవ్వా, ఆమెతో బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్లూ కలిసి గిన్నెలన్నీ గోనెసంచుల్లో పెట్టి దబ్బనంతో మూతులు కుట్టేశారు. ఆ కుట్లు చూస్తే టైలరు కుట్టినట్టున్నాయి. నేను చెయ్యాల్సిన పని తప్పినందుకు అవ్వను కావలించుకున్నాను. మర్నాడు పొద్దున ఇద్దరు కొడుకులూ ట్రాలీ ఆటోకు ఎక్కిస్తుంటే, చిన్నవాడు గంగాళం సంచి పట్టుకుని మూలిగాడు. "ఏంది తమ్మీ, గింత బరువున్నదా?" అన్నాను. వాడు జవాబు చెప్పేలోపే అవ్వ, "పాతకాలపు ఇత్తడి బిడ్డా, బరువుండదా? ఇప్పటి రేకు గిన్నెలా అవి?" అంది. ఏడేళ్లలో ఇత్తడి బరువు మర్చిపోయాను కాబోలు అనుకున్నాను. బయల్దేరేటప్పుడు అవ్వ గడప దాటి రాలేదు. కాళ్లు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి, "సామాను ఇంట్ల దించినంక నీ చేతుల్తోనే ఇప్పు. వేరేటోళ్ల చేత ఇప్పియ్యకు" అంది. సరేనన్నాను.

అవ్వ పెద్దకొడుకూ నేనూ ట్రాలీలో ముందు కూర్చున్నాం. లింగంపేట దాటుతున్నప్పుడు అలవాటుగా తల అటు తిప్పాను. అది మా అమ్మగారి ఊరు. నాకు అన్నదమ్ములు లేరు, అమ్మ పోయాక ఆ ఊళ్లో దిగే పనే లేకుండా పోయింది. అమ్మ ఉన్న రోజుల్లో ఇదే దారిలో ఒడిబియ్యంతో బస్సెక్కేదాన్ని. పెళ్లయిన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పుట్టింటి ముత్తయిదువులు ఒడిలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, వక్కలు పోసి పంపడం మా వైపు ఆచారం. వాటిని అమ్మకూడదు, దారిలో వదలకూడదు, తిరిగి ఇవ్వకూడదు. మన ఇంటికి తెచ్చుకుని వండుకుని నలుగురికీ పెట్టి తినాలి. బస్సులో ఎంత ఇరుకైనా ఆ మూట ఒళ్లోంచి దించేదాన్ని కాదు. అమ్మ పోయాక నాకు ఎవరూ పొయ్యలేదు. ఈ మాట ఎప్పుడో బీడీల చాట పక్కన కూర్చుని అవ్వతో అన్నాను. అనుంటాను, నాకే సరిగ్గా గుర్తు లేదు.

కామారెడ్డి బయట కాంటా మీద ట్రాలీ ఎక్కించాం. ట్రాలీ బరువు తీసేస్తే మా సామాను అయిదు క్వింటాళ్లు. నా నోటుబుక్కు తీసి చూపించాను, కాంటా తప్పుందన్నాను. కాంటా దగ్గరున్న మనిషి ఓపికగా ఇంకోసారి తూచాడు. అయిదే. లారీ డ్రైవర్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపి, అర్ధగంటలో బయల్దేరతానని చెప్పి టీ తాగడానికి పోయాడు. "తమ్మీ, ఈ రెండు క్వింటాళ్లు యాడికెంచి వచ్చినయి?" అని అవ్వ పెద్దకొడుకును అడిగాను. "చెప్పద్దని అవ్వ ఒట్టేయించుకున్నది అక్కా" అంటూ ఒక సంచి కిందికి దించాడు.

బ్లేడుతో మొదటి సంచి కుట్లు కోశాను. స్టీలు డ్రమ్ము నిండా బియ్యం. రెండో సంచిలో బిందె, మెడ దాకా బియ్యం. కుక్కర్లో పెసర్లు. టిఫిన్ డబ్బా నాలుగు గిన్నెల్లోనూ నాలుగు రకాల పప్పులు. కుట్టుమిషను సొరుగులో పసుపు కొమ్ములు. బీరువా లాకర్లో, తాళంచెవి నా దగ్గరే ఉందనుకున్న లాకర్లో, ఓ ప్లాస్టిక్ కవరులో మక్కలు. ఖాళీగా ఒక్క చెంచా లేదు. ఉత్త గిన్నె గడప దాటకూడదంటారు. పొరుగింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా ఇంత చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసిగానీ ఇవ్వం. అది నాకూ తెలుసు. తెలిసి కూడా, తన ఇంట్లో ఏడేళ్లు దాచిన ఆడబిడ్డ సామాను అవ్వ ఉత్తగ పంపుతుందని ఎట్లా అనుకున్నానో. పది రోజుల్లో పెళ్లి పెట్టుకున్న ఇంట్లో ఇన్ని గింజలు ఎక్కడ నుంచి తీసిందో అడగడానికి నోరు రాలేదు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. నడిరోడ్డు మీద గోనెసంచుల మధ్య నిలబడి, "ఈ ముసల్దానికి ఏమన్న బుద్ధున్నదా?" అని అరిచాను. ఆ కోపంలోనే గంగాళం సంచి కోశాను.

లోపల బియ్యం పసుపుపచ్చగా ఉన్నాయి. పైన అయిదు కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, మడత పెట్టిన ఆకుపచ్చ రవిక గుడ్డ. వాటి మీద నుంచి అవ్వ చేతుల తంబాకు వాసన గుప్పుమంది.

అవ్వ పెద్దకొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నేను వద్దన్న అక్కా. 'ముత్తయిదువులే పొయ్యాలె, నువ్వు పొయ్యద్దు గదనే, మంచిగుండదు' అన్న. 'ఒడిల పొయ్యద్దు గని, గంగాళంల పొయ్యద్దని ఎవడన్నడురా?' అని నన్నే తిట్టింది. తలుపేసుకుని ఒక్కతే కలిపింది."

నేను ఆ గంగాళం పక్కనే కింద కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. చుట్టూ హమాలీలు, మక్కల లారీలు, ఎండ. ఏమీ చెయ్యలేనితనం అంటే ఏమిటో ఆ అర్ధగంటలో తెలిసినంత ఎప్పుడూ తెలియలేదు. గింజలు వెనక్కి పంపుదామా? ఒడిబియ్యం తిరిగి పంపకూడదు, పైగా అది పెళ్లిల్లు. మిగతా బియ్యమైనా మార్కెట్‌లో ఇచ్చేద్దామా? ఆ ముసలి చేతులు దబ్బనంతో కుట్టి పంపినవి ఎవరికో తూకం వేసి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఇంకో బండి మాట్లాడే స్తోమత లేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే అంతా విని, "నీ ఇష్టం" అన్నాడు. ఆపదలో ఆడదానికి మొగుడిచ్చే ఆస్తి ఆ రెండు మాటలే. టీ తాగిన డ్రైవర్ లారీ ఎక్కి హారన్ కొట్టాడు. నేను లేచి కొంగుతో మొహం తుడుచుకుని, లాకర్లోని మక్కల కవరు తీసి సంచిలో వేసుకుని, బీరువా దించమన్నాను. మంచం దించమన్నాను. రోలు దించమన్నాను. మళ్లీ తూచారు. సరిపోయింది. ఏడేళ్లు ఏ బీరువా కోసం అట్టపెట్టెల్లో బట్టలు పెట్టుకున్నానో ఆ బీరువా వెనక్కి ఎల్లారెడ్డి పోయే ట్రాలీ ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. "చిన్నోని పెండ్లికి అక్క కట్నం అని చెప్పు" అన్నాను. అతను వద్దు వద్దంటూనే తాడు కట్టాడు, అతనికి మాత్రం వేరే దారేముంది? గంగాళంలో పైనున్న ఒడిబియ్యం వరకు మూట కట్టుకుని నేను రైలెక్కాను. తెల్లారి కళ్యాణ్‌లో దిగేదాకా ఆ మూట ఒళ్లోంచి దించలేదు.

దిగగానే అవ్వ ఫోన్. "బీరువ ఎందుకు పంపినవ్ బిడ్డా?" అంది. పెళ్లి కానుక అన్నాను. "పంపితివి పో. గిట్లనేనా పంపుడు? పెండ్లింటికి ఉత్త బీరువ పంపుతరా? ఒక్క రవిక గుడ్డన్న లోపల పెట్టకపోతివి" అంది. నేను స్టేషన్ మెట్ల మీద మూటతో సహా నిలబడిపోయాను. లాకర్లో ఉన్న గుప్పెడు మక్కలు కూడా నేనే తీసుకున్నాను. అంత హడావుడిలో నాకు తట్టనే లేదు.

లారీ మూడో రోజు వచ్చింది. ఒడిబియ్యం వండి గల్లీలో తెలుగువాళ్లందరినీ పిలిచాను. పసుపు అన్నంలో సన్నగా తంబాకు వాసన. మా ఆయన రెండోసారి పెట్టించుకుంటూ, "బీడీ అన్నం బాగుంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెళ్లికి మాత్రం పోలేకపోయాను. మళ్లీ అంత దూరం పోయే వెసులుబాటు లేదు. వెనక గదిలో ఇప్పుడు కొత్త కోడలు ఉంది. నా మంచం మీద పడుకుంటుంది, నా రోట్లో తొక్కు నూరుతుంది, నా బీరువాలో చీరలు పెట్టుకుంటుంది. ఇక్కడ మా బట్టలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఇది సత్రం అనిపించడం లేదు. అసలు కాపురం ఇంకెక్కడా లేదని తెలిసిపోయింది కదా, ఉన్నదే ఇల్లనుకోవడం తప్ప ఏం చేస్తాం?

ఆ బీరువాలో పెట్టడానికి అవ్వకో చీర, కోడలికో చీర కొని దాచాను. కొని రెండేళ్లవుతోంది. పక్క పోర్షన్ పిల్ల అడిగిపోయిన రోజే అవ్వకు ఫోన్ చేశాను. చూపు ఆనడం లేదట, బీడీలు మానేసిందట. ఒళ్లో చాట లేకుండా ఆమెను ఎంత ఊహించుకున్నా నాకు కళ్లకు కట్టలేదు. "ఆరు నెలల్ల వస్తనవ్వా, ఆ ఉత్త బీరువ సంగతి చూస్త" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను. అవతల అవ్వ నవ్వింది. "తొందరేమున్నది బిడ్డా, మెల్లగ రా. బీరువ ఏడికి పోతది?" అంది. నా ఆరు నెలలంటే ఎంతో మా ఇద్దరికీ తెలుసు. బీరువాకైతే ఏడేళ్లు ఒక లెక్క కాదు.